ఒకటిన్నర వేగం

పొద్దున్నుంచి నలభై ఇళ్ళ మెట్లెక్కి దిగిన నూకరాజు, చివరి పార్సిల్ ఇచ్చేసి తనకి గిటారు నేర్పే ఏలియా మాస్టారి షెడ్డుకి చేరేసరికి కాళ్ళు అతని మాట వినడం మానేశాయి. అయినా కూర్చోలేదు. ఆదివారం కచేరీలో మాస్టారి పక్కన గిటారు పట్టేది ఎవరో ఇవాళే తేలాలి. రెండేళ్ళుగా దానికోసమే ఎదురుచూస్తున్నాడు. ఇదీ చేజారితే తన బతుక్కి పార్సిళ్ళు తప్ప ఇంకేమీ మిగలవని అతని భయం.

మాస్టారిది చెవులు పగిలేలా మోగే మెటల్ సంగీతమే గానీ అందులో పాట ఉండదు, పరుగూ ఉండదు. బరువైన గిటారు దెబ్బ ఒకటి పడితే, దాని మోత పూర్తిగా అణగాకే ఇంకోటి. కొత్తగా వినేవాళ్ళు మధ్యలో కరెంటు పోయిందేమో అనుకుని పైకి చూస్తారు. అలాంటి రికార్డు ఒకటి, గంట నిడివిది, నెల కిందట శిష్యుడికిచ్చి రోజూ విని రమ్మన్నారు ఆయన.

"విన్నావా?" అన్నారు మాస్టారు.

ముప్ఫై సార్లు విన్నానన్నాడు నూకరాజు. ఎన్ని దెబ్బలున్నాయో, ఏ తీగని ఎంత వదులు చేశారో గడగడా అప్పజెప్పాడు. ఒక్క తప్పు లేదు. అయినా ఆయన మొహంలో మెప్పు కనబడకపోయేసరికి, అలసటలో నోరు జారి ఉన్నమాట చెప్పేశాడు. బండి నడుపుతూ వింటున్నాడు కదా, టైము చాలక ఫోనులో ఒకటిన్నర రెట్ల వేగం పెట్టుకున్నాడట. వేగం పెంచినా స్వరం మారదని కూడా చెప్పాడు, పాపం.

మాస్టారు కోప్పడలేదు. ఆంప్లిఫయర్ ఎదురుగా స్టూలు జరిపి కూర్చోమన్నారు. గిటారు అందుకుని లావు తీగని ఒక్కసారి కొట్టారు. షెడ్డు రేకులు అదిరాయి.

"అయితే మాస్టారూ, ఆదివారం..." అన్నాడు నూకరాజు.

ఆయన అరచేత్తో తీగని ఆపేశారు. మళ్ళీ మొదట్నించి కొట్టారు.

ఈసారి నూకరాజు ఫోను తీశాడు. మళ్ళీ అరచెయ్యి, మళ్ళీ దెబ్బ. మూడోసారి కాలు ఆడించాడు. అదీ అంతే. కొట్టినప్పుడల్లా భుజం నొప్పికి ఆ ముసలాయన పళ్ళు బిగబట్టుకోవడం చూసి నూకరాజుకి సిగ్గేసింది.

నాలుగోసారికి అతనిలో మాట్లాడే ఓపిక కూడా లేదు. చేతులు ఒళ్ళో పడేసి కూర్చున్నాడు. మోత కొంచెం కొంచెంగా సన్నబడుతోంది. ముందు మోకాళ్ళు, ఆ తర్వాత నడుం లాగసాగాయి; ఎంత అలిసిపోయాడో అప్పుడు తెలిసొచ్చింది అతనికి. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోలేదు. మోత ఎప్పుడు ఆగిందో తెలీలేదు, ఇంకా వింటూనే ఉన్నాడు.

మాస్టారు గిటారు గోడకి ఆనించి అన్నారు.

"ఆదివారం కచేరీకి బండి తేకు. గిటారు పట్టుకుని నడిచి రా."