తాళం తీయని మాటలు

“దసరాకల్లా గ్రంథాలయం తలుపులు తెరుస్తాం” అని మా పురపాలక అధ్యక్షుడు మైకులో మాటిచ్చాడు. ఆ తరవాత రెండు దసరాలు వెళ్ళిపోయాయి. తాళానికి తుప్పు పట్టింది, అధ్యక్షుడికి కొత్త కారు వచ్చింది.

కరుణాకరం మాస్టారు రోజూ సాయంత్రం ఆ మూసిన తలుపుల ముందు, మెట్ల మీదే మాకు ఇంగ్లీషు చెబుతారు. ఏ మాటనైనా ముక్కలుగా విప్పి, ఏ ముక్క ఏ నేలదో చూపించడం ఆయన పద్ధతి. ‘అన్‌బేరబుల్’లో ముందున్న అన్, నడుమ బరువు మోసే బేర్ ఇంగ్లీషువాళ్ళ సొంతం, వెనకున్న ఏబుల్ మాత్రం లాటిన్‌లో పుట్టి ఫ్రాన్సు మీదుగా వచ్చిన చుట్టం. మాస్టారికి డెబ్బై ఆరేళ్ళు. ఈ మధ్య కొన్ని మాటల పుట్టుక ఆయనకు గుర్తు రావడం లేదు. చూసి చెబుదామంటే పెద్ద నిఘంటువు తాళం వెనక చెదపురుగుల పాలవుతోంది.

అందుకే నేను మూడు పేజీల అర్జీ రాశాను, ఇంగ్లీషులోనే. యాంటీ పీపుల్, అన్‌డెమొక్రాటిక్, ఫ్యూడలిజం, ఇంపీరియలిజం, ఏదీ వదల్లేదు. పురపాలక కార్యాలయంలో నాలుగుసార్లు ఇచ్చాను. ఉలుకూ పలుకూ లేదు.

“మాస్టారూ, గ్రీకుల బలం, రోమన్ల బలం కూడిన మాటలివి. ఒక్క తాళాన్ని కదిలించలేవేం?” అని అడిగాను.

ఆయన నన్ను ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్న నాంచారమ్మకు ఆ అర్జీని తెలుగులో చదివి వినిపించమన్నారు. నేను పిడికిలి బిగించి, ప్రజావ్యతిరేక విధానాల దగ్గర మొదలుపెట్టి సామ్రాజ్యవాదం నశించాలన్నదాకా చదివాను. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ వింది.

“ఎవర్నో బాగా తిట్టావు నాయనా. ఇంతకీ నీకేం కావాలి?”

తాళం తీయాలన్నాను.

“ఆ ముక్క రాయలేదేం మరి?” అంటూ మళ్ళీ పెట్టె అందుకుంది.

మెట్ల మీది వాళ్ళంతా పడీ పడీ నవ్వారు. నాకు ముందు ఒళ్ళు మండింది. తరవాత మూడు పేజీలూ తిరగేసి వెతికాను. తాళం అన్న మాట నిజంగానే లేదు. ఇక నాకూ నవ్వాగలేదు. అక్కడే కూర్చుని కొత్త కాగితం మీద ఒక్క వాక్యం రాశాను: గ్రంథాలయం తాళం తీయండి.

మాస్టారు ఆ కాగితాన్ని వెలుగుకేసి పట్టుకుని, మాటను విప్పేటప్పుడు చూసినట్టే ముందూ వెనకా చూశారు.

“నడుమది దొరికింది. దీని వెనక ఒక్కటి అతికించు: గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యే నవంబరు పద్నాలుగులోగా జవాబు కావాలి.”