టీచరుగారి మోచెయ్యి

నీలవేణి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి నాలుగు నెలలైంది. విశాఖపట్నంలో ఇన్సూరెన్సు ఆఫీసు, ఆరేళ్ల సర్వీసు, కిటికీ పక్క సీటు, అన్నీ వదిలేసింది. ఇకమీదట సైకిల్ పందేలే నా బతుకు అంది. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు. ఆఫీసువాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తల్లి మాత్రం ఒకటే అడిగింది.

"ఎవరైనా అడిగితే, మా అమ్మాయి సైకిల్ తొక్కుతోందని చెప్పనా?"

 నీలవేణి ఆ వారమే వెళ్లి భీమిలిలో ఎస్తేరు టీచరు దగ్గర చేరింది.

ఎస్తేరు టీచరు ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్లు డ్రిల్లు చెప్పి రిటైరయింది. వయసులో ఉన్నప్పుడు ఆవిడా రాష్ట్రం తరఫున సైకిల్ తొక్కింది. పందేల శిబిరానికి రమ్మని ఉత్తరమూ, ఉద్యోగంలో చేరమని ఆర్డరూ ఒకే వారంలో వచ్చాయి. ఆవిడ ఉద్యోగంలో చేరింది. ఆ సంగతి శిష్యురాళ్లకు ఒక్కసారి చెప్పింది, మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఐదుగురు అమ్మాయిల్ని బీచ్ రోడ్డు మీద తొక్కిస్తుంది. తను మాత్రం తెలిసినవాళ్ల ఆటోలో వెనకాల కూర్చుని, తల బయటికి పెట్టి కేకలేస్తూ వస్తుంది. ఆవిడ సైకిలెక్కగా ఆ పిల్లలెవరూ చూడలేదు.

చేరిన రోజే నీలవేణి అడిగింది. "టీచరుగారూ, ఉద్యోగం వదిలి నేను తప్పు చేశానా?"

టీచరు వంగి ఆమె సైకిల్ టైరు బొటనవేలితో నొక్కి చూసింది. "గాలి తక్కువున్నాది. కొట్టు," అంది.

నీలవేణి ఊరుకునే రకం కాదు. వారానికోసారి అదే ప్రశ్న వేసేది. వారానికోసారి అలాంటి జవాబే వచ్చేది. ఒకసారి చెయిను బిగించమంది, ఒకసారి వెళ్లి ఇడ్లీ తినమంది.

మనిషి ఆఫీసు వదిలింది గానీ ఆఫీసు మనిషిని వదలలేదు. ప్రతి శనివారం ఆ వారం ఎన్ని కిలోమీటర్లు తొక్కిందీ, గుండె ఎంత వేగంగా కొట్టుకుందీ, అన్నీ గళ్లు గీసి, రంగులేసి, ప్రింటు తీసి టీచరు చేతికిచ్చేది. టీచరు కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివేది. తర్వాత అదే కాగితంతో చెయిను తుడిచేది.

"మంచి కాగితం. నూనె బాగా పీలుస్తాది," అనేది.

సైకిల్ పందేల్లో ఒక మర్యాద ఉంది. గుంపుగా తొక్కేటప్పుడు ముందున్న మనిషి ఎదురుగాలంతా తన ఒంటి మీద కాస్తుంది. ఆ చాటున వెనకున్నవాళ్లకు తొక్కుడు తేలికవుతుంది. కాసేపయ్యాక ముందున్న మనిషి కుడి మోచెయ్యి ఒక్కసారి విదిలించి, ఎడమకు జరిగి, వెనక్కి వచ్చేస్తుంది. ఇక నువ్వు ముందుకు రా అని దానికి అర్థం. మాటలుండవు. అలా వంతులవారీగా గాలిని పంచుకుంటే ఐదుగురూ ఒంటరిగా పోలేనంత దూరం పోగలరు.

నీలవేణికి అన్నీ వచ్చాయి. ఆ మోచెయ్యి విదిలించడమే రాలేదు.

ఆఫీసులో ఆమె చేసిన ఫైలు పక్క సీటుకు వెళ్లిందంటే మంచి పేరు కూడా దాని వెంటే వెళ్లిపోయేది. అందుకని ఏ పనీ చేతిలోంచి జారనివ్వకపోవడం అలవాటైంది. పైగా భయం. అంత ఉద్యోగం వదిలి వచ్చినదాన్ని, నలుగురి వెనకాల తొక్కడానికా వచ్చాను? అందుకే భీమిలిలో బయల్దేరింది మొదలు ఆమే ముందుండేది. మంగమారిపేట వచ్చేసరికి కాళ్లలో సత్తువ అయిపోయేది. అప్పుడు వెనకున్న పిల్లలు ఒక్కొక్కరే దాటి వెళ్లిపోయేవాళ్లు. నీలవేణి పళ్లు కొరుక్కుంటూ, ఇంకా ఎక్కువ తొక్కాలని రాసుకునేది.

ఐదుగురిలో చిన్నది పైడితల్లి. పంతొమ్మిదేళ్లు, చేపలవాళ్ల పిల్ల. ఒకనాడు వెనకనుంచి బతిమాలింది.

"అక్కా, మోచెయ్యి ఆడించక్కా. నేనొస్తాను."

"నా పని నేను చేసుకుంటున్నాను. నీకేం కష్టం? హాయిగా వెనకాల రా," అంది నీలవేణి.

ఆటోలోంచి టీచరు ఆ మాట విన్నది. ఆరోజు కేక వెయ్యలేదు.

మే నెలలో కబురొచ్చింది. కోయంబత్తూరులో ఆడవాళ్ల సైకిల్ జట్టు ఒకటి కొత్తగా పెట్టారట. జీతమిచ్చి, దేశమంతా తిప్పి పందేలు తొక్కిస్తారట. ఆదివారం వచ్చి వీళ్ల తొక్కుడు చూసి ఇద్దరిని తీసుకుంటారట. ఇరవై ఎనిమిది నిండినవాళ్లు పనికిరారు. నీలవేణికి రెండు నెలల్లో ఇరవై ఎనిమిది నిండుతాయి. అంటే ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరుది. 

శుక్రవారం పొద్దున టీచరు మిగతా పిల్లలకు సెలవిచ్చి నీలవేణిని ఒక్కదాన్నే రమ్మంది. వెళ్లేసరికి ఆవిడ చున్నీ నడుముకు బిగించి, కాన్వాసు బూట్లు వేసుకుని, పాత ఇనుప సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. హ్యాండిలుకు కూరగాయల బుట్ట కూడా ఉంది.

"ఊళ్లోకి ఎల్దాం పద. నేను ముందు, నువ్వు ఎనక," అంది.

నీలవేణికి నవ్వొచ్చింది. ఆపుకుంది.

ఆరోజు తెల్లారకుండానే నైరుతి గాలి లేచింది. భీమిలి నుంచి వైజాగు వైపు తొక్కితే మొహానికి ఎదురుగా కొడుతుంది. టీచరు వంగి తొక్కడం మొదలుపెట్టింది. అరవై మూడేళ్ల మనిషి, ఇనుప సైకిలు, గాలికి బోర్లా పడబోయే బుట్ట. అయినా సాగింది. వెనకాల నీలవేణికి గాలే తగల్లేదు. నాలుగు నెలల్లో మొదటిసారి ఎడమపక్క సముద్రం కనిపించింది. అలల మీద పడవలు కనిపించాయి. ప్రాణం హాయిగా ఉండి కూనిరాగం కూడా తీసింది.

ఎర్రమట్టి దిబ్బలు దాటారు. ఇప్పుడు మోచెయ్యి విదిలిస్తుంది, నేను ముందుకెళ్తాను అనుకుంది. టీచరు విదిలించలేదు. ఇంకో రెండు కిలోమీటర్లు పోయాయి. టీచరు వీపు చెమటతో తడిసిపోయింది. ఆయాసం వెనక్కి వినబడుతోంది. నీలవేణి కూనిరాగం ఎప్పుడో ఆగిపోయింది. కుడివైపునుంచి దాటబోతే టీచరు కుడికి జరిగింది. ఎడమకు వస్తే ఎడమకు జరిగింది.

"టీచరుగారూ, నన్ను ముందుకు రానివ్వండి. మీరు అలసిపోయారు."

టీచరు వెనక్కి తిరగలేదు.

"నా పని నేను సేసుకుంతన్నాను. నీకేటి కష్టం? హాయిగా ఎనకాల రా."

నీలవేణి మళ్లీ ఆవిడ వెనకాలే తొక్కింది.

కాపులుప్పాడ దగ్గర రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతున్నారు. టీచరు అక్కడ సైకిలు ఆపి, నీడలో చతికిలబడి, చున్నీ విప్పి మొహం మీద కప్పుకుని వెల్లకిలా పడుకుంది.  నీలవేణి పరుగెత్తి వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"టీచరుగారూ, ఏమైంది?"

చున్నీ కిందనుంచి గొంతు వచ్చింది. "ముంజలు చెప్పు. ఒక డజను."

నీలవేణికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముంజలమ్మే ఆవిడ కూడా నవ్వింది. టీచరూ నీలవేణీ ముంజనీళ్లు మోచేతులదాకా కారేలా తిన్నారు.

"ఎనకాల హాయిగా ఉన్నాదా?" అడిగింది టీచరు.

"లేదండీ. మొదట్లో ఉంది. తర్వాత, నా కాళ్లలో అంత బలం పెట్టుకుని, ఊరికే మీ వీపు చూస్తూ..."

మాట సగంలో ఆగిపోయింది.  టీచరు ఇంకో ముంజ తొక్క వలిచి ఆమె అరచేతిలో పెట్టింది.

ఆదివారం పందెం యాభై కిలోమీటర్లు. కోయంబత్తూరు నుంచి వచ్చినావిడ జీపులో వెంట వస్తోంది. నీలవేణి అలవాటు ప్రకారం ముందే ఉంది. తొట్లకొండ దగ్గర ఎక్కుడు మొదలవగానే ఆమె కుడి మోచెయ్యి చిన్నగా కదిలింది. ఎవరూ ముందుకు రాలేదు. మళ్లీ విదిలించింది, ఈసారి గట్టిగా.

వెనకనుంచి పైడితల్లి గొంతు వినబడింది. "అక్కా, చెయ్యి నొప్పెడతందా?"

"నొప్పి కాదే. రా."

పైడితల్లి ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత ఈలవేసి ముందుకు దూసుకెళ్లింది. ఆమె వెనకాల మిగతా ముగ్గురూ. అక్కణ్ణుంచి గాలి ఐదుగురి మధ్యా చేతులు మారుతూ పోయింది. తన వంతు వచ్చినప్పుడల్లా నీలవేణి లాగింది, వంతు అయినప్పుడల్లా ఇచ్చేసింది. చివరి కిలోమీటరులో చూసుకుంటే కాళ్లలో సత్తువ ఇంకా మిగిలే ఉంది. ఆ సంగతి తెలిసి ఆమెకు ఒళ్లంతా సంతోషమైంది. పైడితల్లి అరచక్రం తేడాతో ముందు, నీలవేణి రెండో స్థానం. కోయంబత్తూరావిడ ఆ ఇద్దరి పేర్లే రాసుకుంది.

నీలవేణి తల్లి మజ్జిగ సీసా పట్టుకుని జనంలో నిలబడి ఉంది. పక్కనెవరో అడిగారు.

"ఆ రెండో అమ్మాయి ఎవరండీ?"

"మా అమ్మాయే," అంది తల్లి. "సైకిల్ తొక్కుతుంది."

రైలెక్కే రోజు పొద్దున నీలవేణి చివరిసారి భీమిలి వెళ్లింది. ఎస్తేరు టీచరు మళ్లీ ఇనుప సైకిలు పట్టుకునే ఉంది. ఎక్కి ముందు సాగింది. గాలి ఎదురుగానే ఉంది. నీలవేణి ఆవిడ వెనకాల చక్రానికి చక్రం ఆనించినట్టుగా తొక్కింది. దిబ్బలు దాటాక ఇక ఉండబట్టలేకపోయింది.

"టీచరుగారూ, ఇవాళైనా చెప్పండి. ఉద్యోగం వదిలి నేను తప్పు చేశానా?"

టీచరు తల తిప్పలేదు.  ఆవిడ కుడి మోచెయ్యి ఒక్కసారి విదిలించి, ఎడమకు జరిగింది.

ముందు రోడ్డంతా ఖాళీగా ఉంది. నీలవేణి ముందుకు వెళ్లింది.