చేనులో దొరికిన ఉప్పు

ఇద్రీస్ వేసిన గోధుమ చేను ఎండిపోతోంది. నీళ్లు లేక కాదు. ఎన్ని నీళ్లు పెడితే అంతగా ఎండిపోతోంది. ఎందుకో అతనికి అంతుపట్టడం లేదు.

ఇసుక మధ్యలో ఉన్న ఆ బావిని కనిపెట్టుకుని ఫకీరు యాకూబ్ బాబా ఉండేవాడు. ఇద్రీస్ ఆయన శిష్యుడు. ఒంటె మోట లాగితే నీళ్లు కాలువలో పడి, బాటసారుల పశువుల కోసం కట్టిన రాతితొట్టిలోకి వెళ్లేవి. ఆ తొట్టి ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదన్నది ఎడారి దారిలో అందరి కట్టుబాటు. తమ పశువులు తాగాక, వెనక వచ్చేవాళ్ల కోసం మళ్లీ నింపి మరీ వెళ్లేవారు.

ఇద్రీస్‌ది జాలిగుండె. ఆకలితో వచ్చినవాళ్లకు రొట్టె పెట్టాలని బావి పక్కన మడులు కట్టాడు. మొదటి పంట బాగా వచ్చింది. తిన్నవాళ్లంతా దీవించారు. ఆ దీవెనలు అతనికి కాస్త తలకెక్కాయి. మంచిపని చేశామన్న గర్వం ఒక పట్టాన దిగదు కదా.

రెండో ఏడు మడులు పెంచాడు. ఆకుల అంచులు మాడసాగాయి. దాహమేమో అనుకున్నాడు. బాబా పొరుగూరు వెళ్లి ఉండగా, తొట్టికి పోయే కాలువకు మట్టి అడ్డం వేసి నీళ్లన్నీ చేనుకు మళ్లించాడు.

బాబా తిరిగి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఆయన వెంట మేకల మందతో హాజిరా అనే ముసలామె ఉంది. బాబా భుజం మీద ఒక మేకపిల్ల తల వేలాడేసి ఉంది. ఆయన తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్లాడు. తొట్టిలో దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఇద్రీస్ పరుగున వెళ్లి బావిలోంచి చేదతో నీళ్లు తోడి తెచ్చాడు. మిగతా మేకలు ఎగబడి తాగాయి. పిల్ల నోట్లో బాబా వేళ్లతో నీటిబొట్లు వేశాడు. అవి పక్కనుంచి కారిపోయాయి. పిల్ల అప్పటికే పోయింది.

హాజిరా దాని కళ్లు మూసింది. "నిన్నటి బావి దగ్గర జనం గుంపుగా ఉన్నారు బాబా. మీ తొట్టి ఉందిగా అని ఆగకుండా వచ్చేశాను. తప్పు నాదే," అంది.

ఆ తప్పు ఎవరిదో ఇద్రీస్‌కు తెలుసు. అయినా ఊరుకోలేకపోయాడు.

"బాబా, నేను నాకోసం చేయలేదు. ఈ చేను పండితే ఎంతమంది ఆకలి తీరుతుంది! కోతల దాకా తొట్టి కాలువ మూసి ఉంచనివ్వండి. ఇంకాస్త నీళ్లు పడితే చేను లేస్తుంది."

బాబా పొయ్యి వెలిగించి సజ్జ జావ కాచాడు. ముగ్గురికీ గిన్నెలు పెట్టి, "ఉప్పు అయిపోయింది. నీ చేనులోంచి కాస్త పట్టుకురా," అన్నాడు.

"చేనులో ఉప్పేమిటి బాబా?"

బాబా తానే లేచి వెళ్లాడు. మాడిన గోధుమ మొక్కల మొదట్లో తెల్లగా పేరుకున్న పొరను గోరుతో గీకి తెచ్చాడు. నీళ్లలో కరిగించి, గుడ్డలో వడగట్టి, జావలో పోసి కలిపాడు.

హాజిరా ఒక గుక్క తాగింది. "ఉప్పు సరిగ్గా కుదిరింది," అంది.

ఇద్రీస్ తాగాడు. గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

"నేను పోసింది మంచినీళ్లే కదా బాబా!"

"మంచినీళ్లే. నీళ్లను ఎండ పట్టుకుపోయింది. వాటిలో ఉన్న కాస్త ఉప్పును మాత్రం నీకు వదిలేసింది."

"మరి ఇప్పుడేం చేయను?"

"ముందు జావ తాగు."

గుడిసె గుమ్మం అవతల నీడలో మేకపిల్ల పడి ఉంది. ఇద్రీస్ దాన్నే చూస్తూ జావంతా తాగి, పార తీసుకుని వెళ్లి కాలువకు అడ్డం వేసిన మట్టిని తవ్వేశాడు. ఒంటెను మోటకు కట్టాడు. తొట్టి నిండింది. మేకలు కడుపారా తాగాయి.

పొద్దు వాలుతుండగా హాజిరా ప్రయాణమైంది. బయల్దేరే ముందు బావిలోకి చేద వదిలింది. మేకలు తాగినంత మేరా తొట్టి తగ్గింది మరి.

ఇద్రీస్ ఆమెకు అడ్డం వెళ్లాడు. "వద్దమ్మా. ఇవాళ నువ్వు నింపడమేమిటి? నిన్ను ఏ మొహంతో నింపమనను?"

ఆమె చేద లాగుతూనే ఉంది.

"నా వెనక ఎవరు వస్తున్నారో బాబూ," అంది.

ఇద్రీస్ ఆమె పక్కన నిలబడి తానూ తాడు పట్టుకున్నాడు.