బొప్పాయి కడుపులో అగ్గి

ఒకప్పుడు బొప్పాయి మాను లోపలంతా గట్టిగా ఉండేది. తుమ్మ మొద్దంత గట్టి. ఇప్పుడు తట్టి చూస్తే డొల్లగా మోగుతుంది కదా, అప్పుడలా మోగేది కాదు. పచ్చికాయను గీరితే పాలూ వచ్చేవి కావు, నీళ్లూ వచ్చేవి కావు. ఊరికే చప్పగా ఉండేది.

ఆ రోజుల్లో కొల్లేటి మధ్య ఒక దిబ్బ మీద భద్రయ్య తాత ఇల్లుండేది. కొడుకు పెద్దిరాజు వలేసి చేపలు పట్టేవాడు. కోడలు నాంచారమ్మ ఇల్లు చూసుకునేది. ఇద్దరు పిల్లలు, ఒక గేదె. గేదె పేరు బూడిదమ్మ.

వంటపాక పక్కనే ఒక బొప్పాయి చెట్టు. దాన్ని తాతే నాటాడు. ఎండాకాలం కొల్లేరు ఎండి నేల బీటలు వారితే, తను తాగే ముంతెడు నీళ్లలో సగం దాని మొదట్లో పోసేవాడు. అలా బతికిన చెట్టు అది.

ఆ దిబ్బ మీద ఒక పద్ధతి ఉండేది. చలికాలం రాగానే ఎక్కడో మంచుకొండల అవతల నుంచి అడవి బాతులు కొల్లేట్లో దిగేవి. ఆ ఏడు పట్టిన మొదటి బాతు కూర ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లే ముందు తినాలి. తిని "బాగుంది" అనాలి. అప్పటిదాకా మిగతావాళ్లు కుండ మీద చెయ్యి వేయకూడదు.

పద్ధతి మంచిదే. కానీ అడవి బాతు మాంసం ఒక పట్టాన ఉడకదు. పెద్దవాళ్లకేమో పళ్లుండవు. ఆ పద్ధతి పెట్టినవాడికి ఈ సంగతి తట్టలేదు, ఏం చేస్తాం.

అందుకే తాత ప్రతి ఏడూ ముక్క బుగ్గన పెట్టుకుని "బాగుంది" అనేవాడు. తర్వాత మెల్లగా పాక వెనక్కి పోయి కుక్కకు వేసేవాడు. కుక్క కూడా చాలాసేపు నమిలేది.

ఒక చలికాలం తాతకు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులకు జ్వరం దిగింది గానీ, తాత గంజి కూడా ముట్టలేదు. చెంచాతో పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోయేది. ఇలాగే ఇంకో నాలుగు రోజులు గడిస్తే తాత దక్కడని ఇంట్లో అందరికీ తెలుసు.

పదో రోజు తాత కళ్లు తెరిచాడు.

"అమ్మాయ్, బాతు కూర తినాలనుందే" అన్నాడు.

నాంచారమ్మ ప్రాణం లేచి వచ్చింది. పెద్దిరాజు తెల్లవారకముందే దోనె వేసుకుని వెళ్లి రెండు బాతులు పట్టుకొచ్చాడు. ఒకదాన్ని గంప కింద పెట్టారు. రెండోదానికి నాంచారమ్మ ఈకలు పీకింది, గడ్డి మంట మీద కాల్చింది, పసుపు రాసి మూడుసార్లు కడిగింది. నీచు వాసన పోవాలిగా మరి. అల్లం, మిరియాలు నూరి వేసి కుండ పొయ్యి మీద పెట్టింది.

పొద్దున పెట్టిన కుండ సాయంత్రానికి దించింది. రెండు మోపుల కట్టెలు అయిపోయాయి.

తాత ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చివరికి బయటికి తీసేశాడు. "బాగుంది" అనలేదు.

"నా వల్ల కాదమ్మా. నాకింక చాలు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాంచారమ్మ బొప్పాయి చెట్టు దగ్గరికి వచ్చి, నోట్లో చెంగు కుక్కుకుని ఏడ్చింది. చెట్టు అంతా వింది. దానికీ ఏడుపు వచ్చింది.

తెల్లారాక పెద్దిరాజు గంప కింది బాతును కోసి, ముక్కలు గిన్నెలో వేసి చెట్టు కింద పెట్టాడు. నాంచారమ్మ పొయ్యి రాజేసి, గేదెను పితకడానికి తపేలా కోసం లోపలికి వెళ్లింది. చెట్టు పొయ్యివైపు వంగింది.

"అగ్గి బాబాయ్, నిన్న పొద్దస్తమానం మండావు. ఒక్క బాతును ఉడికించలేకపోయావా?"

అగ్గికి రోషం వచ్చి చిటపటలాడింది.

"నన్నంటావేం? ఆ బాతు ఎన్ని కొండలు దాటి వచ్చిందో తెలుసా? రెక్కలు ఆడించీ ఆడించీ దాని కండ కొబ్బరితాడులా పేనుకుపోయింది. నేనేమో కుండ బయట మండుతాను. ఆ పేటలు విడిపోవాలంటే నేను కండలోకి దూరాలి. నన్ను మోసుకెళ్లేవాళ్లెవరు?"

"నేను మోస్తాను."

"నువ్వా? కట్టె అగ్గిని మోస్తే ఏమవుతుందో పొయ్యిలోకి చూడు."

చెట్టు చూసింది. సగం కాలిన కొయ్య కనిపించింది. నిజంగానే భయం వేసింది. అంతలో లోపల తాత దగ్గాడు. ఆ దగ్గుకు కూడా బలం లేదు.

"చల్లగా ఏదైనా తాగి మోస్తే?" అని అడిగింది.

అగ్గి కాస్త మెత్తబడింది. "పాలతో కలిపి మోస్తే ప్రాణం పోదు. కానీ నీ లోపలి మానంతా కాలిపోతుంది పిల్లా. పైన చెక్కే మిగులుతుంది."

"చెక్కు చాలు నాకు" అంది చెట్టు.

ఇదంతా బూడిదమ్మ నెమరు వేస్తూ వింటూనే ఉంది. "పాల సంగతి నాకు వదిలెయ్" అంది. "నన్ను కొల్లేట్లో దింపి వీపు రుద్దేది తాతే. ఆయన పడుకున్నప్పటినుంచి పెద్దిరాజు రుద్దుతున్నాడు. అబ్బ, ఏం చేతులమ్మా అవి, గరుకు."

నాంచారమ్మ వచ్చి పాలు పితికింది. తపేలా నిండగానే బూడిదమ్మ కాలు విసిరింది. పాలన్నీ బొప్పాయి మొదట్లో ఒలికిపోయాయి. నాంచారమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను, పిల్లలు వినేవి కావు.

చెట్టు వేళ్లతో పాలు తాగింది. అదే అదనుగా గాలి పొయ్యిలోంచి ఒక నిప్పురవ్వను ఎగరేసింది. అది చెట్టు బెరడు చీలికలోకి దూరింది.

అమ్మో, ఆ మంట. చెట్టు మొదలు నుంచి తల దాకా లోపల్లోపలే కాలింది. ఆకులు వాలిపోయాయి. అయినా చెట్టు కిక్కురుమనలేదు. పాలూ అగ్గీ కలిసి పైకెక్కి కాయల్లో నిండాయి. బరువెక్కిన పచ్చికాయ ఒకటి ఊడి, సరిగ్గా బాతు ముక్కల గిన్నెలో పడి పగిలింది. తెల్లటి పాలు ముక్కల మీద కారాయి.

"పొద్దున్నే పాలు పోయాయి, ఇప్పుడు ఇదొకటి" అని నాంచారమ్మ విసుక్కుంది. కానీ తినే వస్తువు పారేసే మనిషి కాదు. కాయను సన్నగా కోసి ముక్కల్లో కలిపి, ఉప్పూ పసుపూ పట్టించి, మసాలా నూరుకోవడానికి కూర్చుంది. నూరడం అయ్యాక వచ్చి ఒక ముక్క నొక్కి చూసింది. వేలు లోపలికి దిగింది.

గబగబా కుండ పొయ్యి మీద పెట్టింది. మోపులో సగం కట్టెలు కాలకముందే కూర ఉడికి, వాసన దిబ్బంతా కమ్మేసింది.

తాత గోడవైపే తిరిగి ఉన్నాడు.

"ఒక్క ముక్క, మావయ్యా. పిల్లలు కుండ చుట్టూ కూర్చున్నారు. మీరు తినందే వాళ్లకు పెట్టకూడదు కదా."

పిల్లల కోసం తాత నోరు తెరిచాడు. ముక్క చిగుళ్ల మధ్యే విడిపోయింది. తాత కళ్లు పెద్దవయ్యాయి. మింగాడు. అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు.

"ఇంకోటి పెట్టు" అన్నాడు తాత.

పెట్టింది. అదీ తిన్నాడు. మూడోదీ, నాలుగోదీ.

"తాతా, బాగుంది అను. ఆకలేస్తోంది మాకు" అని పిల్లలు గోల పెట్టారు.

"బాగుంది" అన్నాడు తాత. అన్నేళ్లలో ఆ మాట ఆయన నిజంగా అనడం అదే మొదటిసారి. నాంచారమ్మ మళ్లీ ఏడ్చింది, ఈసారి అందరి ముందే.

నాలుగు రోజులకు తాత కర్ర పట్టుకుని లేచి చెట్టు దగ్గరికి వచ్చాడు. మానును తట్టాడు. డొల్లగా మోగింది. కాయ పడ్డ సంగతి కోడలు చెప్పగా విన్న తాత మానును నిమిరాడు.

"నా కోసం ఇలా గుల్లయిపోయావా తల్లీ?"

"పోనీలే తాతా" అంది బొప్పాయి. దాని తల మీద అప్పటికే కొత్త ఆకు విచ్చుకుంటోంది. "పొయ్యిలోకి ఇక పనికిరాను. కట్టెల కోసం నన్నెవరూ నరకరు. హాయిగా కాయలు కాసుకుంటాను."

అప్పటినుంచే బొప్పాయి మాను లోపల డొల్లగా ఉంటుంది. అప్పటినుంచే దాని పచ్చికాయను గీరితే తెల్లటి పాలు కారతాయి, చేతికి తగిలితే చురుక్కుమంటాయి. అప్పటినుంచే ఎంత మొండి మాంసంలోనైనా నాలుగు పచ్చిబొప్పాయి ముక్కలు పడితే, పళ్లు లేని తాతలు కూడా "ఇంకోటి పెట్టు" అంటారు.