సున్నం కింద పేరు

ఇలియాసుకు వచ్చిన చిక్కు చూడటానికి చిన్నదే. గురువు బుర్హాన్ షా అతనికి ఒకే పని అప్పగించాడు. రోజూ సాయంత్రం నమాజు అయ్యాక మసీదు పక్కనున్న గోరీ దగ్గరికి పోయి, దాని మీద తలవైపు చెక్కిన గుంటలో పిట్టలకు నీళ్ళు పోసి, చనిపోయిన మనిషి కోసం ఫాతిహా ప్రార్థన చదివి రావాలి. అంతే.

"ఆ మనిషి పేరేమి హజ్రత్?"

"నాకు తెలీదు బేటా."

"పేరు తెలీకుండా ఆ పుణ్యం ఎవరికని ఒప్పజెప్పేది? ముందు పేరు కనుక్కుంటా, ఆ తర్వాత చదువుతా."



ఇలియాసు పొగరుబోతు కాడు. అతని తండ్రి గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. కొడుకు చిన్నవాడుగా ఉన్నప్పుడే ఆయన నవాబు దండు వెంట దక్షిణానికి పోయి తిరిగి రాలేదు. దారిలో జ్వరమొచ్చి పోయాడనీ, ఏదో ఊరివాళ్ళు పూడ్చారనీ కబురొచ్చింది. ఏ ఊరో చెప్పినవాళ్ళు లేరు. ఆ దిగులు ఇలియాసును అన్నం దగ్గర కూడా వదిలేది కాదు. పేరు లేని గోరీ కనబడితే చాలు, తండ్రే గుర్తొచ్చేవాడు.

పెన్న ఒడ్డున విసిరేసినట్టున్న ఆ మసీదులో ఉండేది వాళ్ళిద్దరే, జనం దాన్ని ఎప్పుడో మరిచిపోయారు. కాళ్ళు కడుక్కునే హౌజులో నీళ్ళకు బదులు తుమ్మమొక్కలు. గుమ్మటం మీద రావి మొలిచి పగులు తీసింది. ఊళ్ళో అడిగితే గోరీ ఫౌజుదారుదని ఒకరన్నారు, అత్తరు వర్తకుడిదని ఒకరన్నారు. అక్కడ గోరీ ఉందా అని ఎదురడిగినవాళ్ళే ఎక్కువ.

ఇలియాసు నడుం బిగించాడు. కమానుల అంచులు ఢిల్లీ పద్ధతిలో రేకులు రేకులుగా ఉన్నాయి కాబట్టి ఢిల్లీ పాదుషా గోల్కొండను గెలిచిన తర్వాతి కట్టడమని తేల్చాడు. మసీదుకూ గోరీ ఉన్న కప్పులేని గదికీ ఇటుక కొలత ఒకటే కాబట్టి రెండూ ఒకరే కట్టించారన్నాడు. మగవాళ్ళ గోరీలకే చెక్కే కలాల పెట్టె ఆకారం దీని మీద ఉంది గనక లోపలున్నది మగమనిషేనన్నాడు. ఇవన్నీ గురువుకు పూసగుచ్చినట్టు చెప్పేవాడు. గురువు శ్రద్ధగా వినేవాడు. విని, నీళ్ళ కుండ తనే ఎత్తుకుని గోరీ వైపు నడిచేవాడు.

ఇక మిగిలింది పేరే. తలాపున నిలబెట్టిన రాయి మీద ఏళ్ళ తరబడి వేసిన సున్నం అట్టలు కట్టి ఉంది. ఇలియాసు దాన్ని తడిపి, నానబెట్టి, చెక్కపుల్లతో గీకాడు. ఎండాకాలమంతా అదే పని. పై వరసల్లో దైవవాక్యం బయటపడింది. చదివి కళ్ళకద్దుకున్నాడు. కింది వరసలో పేరుండాలి.

ఆ వరస బయటపడ్డ సాయంత్రం కేక వేసి గురువును పిలిచాడు. ఆయన కుండ పట్టుకుని వచ్చేసరికి శిష్యుడు రాయి ముందు చతికిలబడి ఉన్నాడు. అక్కడ రాయి పెచ్చులు లేచిపోయింది. వరస మొత్తానికి ఒక్క మాట మిగిలింది. 'ఇబ్న్'. కొడుకు అని అర్థం. ముందుండాల్సిన పేరు లేదు, వెనకుండాల్సిన తండ్రి పేరూ లేదు.

"ఇంత చేస్తే ఇదా హజ్రత్! ఇంకెవరికని చదివేది?" అన్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు.

 గోరీ మీది గుంట గీకిన సున్నంపొడితో నిండిపోయింది. పిచ్చుక ఒకటి వాలి, అటూ ఇటూ చూసి, ఎగిరిపోయింది. బుర్హాన్ షా తలపాగా కొస విప్పి గుంటను శుభ్రంగా తుడిచాడు. నీళ్ళు పోశాడు. చేతులు చాచి, వినీవినిపించకుండా ఫాతిహా చదివాడు. చదివి శిష్యుడి వైపు తిరిగాడు.

"మీ నాయన యాడ పండుకోనుండాడో, ఆడ గూడా నీ అట్లాంటి బుద్ధిమంతుడు ఒకడు ఉండాడేమో బేటా. పేరు దొరికినాక చదువుదాములే అని."

 ఇలియాసు లేచి, కుండలో మిగిలిన నీళ్ళతో చేతులకంటిన సున్నం కడుక్కున్నాడు. గోరీ ముందు నిలబడి రెండు అరచేతులూ తెరిచాడు.