కారం పడని వాక్కాయలు

అనగనగా సూళ్ళూరుపేటలో ఒక మేడ ఉండేది. కింది వాటాలో పెంచలమ్మ, ఆవిడ అత్తగారు. పై వాటాలో జపాన్ నుంచి వచ్చిన చియో, ఆమె మొగుడు. మొగుడికి ఊరవతల ఫ్యాక్టరీలో ఇంజనీరు పని. చియో వచ్చిన రెండేళ్ళకే తెలుగు పట్టేసింది. పెంచలమ్మను అక్కా అనేది. కూరగాయల బండి దగ్గర కొసరు కూడా అడిగేది. కాళ్ళు ఆడించకు, దుప్పటి జారిపోతుంది.

అప్పుడు చియోకు మూడో నెల వచ్చింది. వేవిళ్ళు పట్టుకున్నాయి. కడుపులో పాప ఉన్నప్పుడు అమ్మలకి తిన్నది నిలవదు, దాన్నే వేవిళ్ళంటారు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ మరమరాలతోనే నెల లాక్కొచ్చింది. చియోకు మరమరాలు కూడా నిలవలేదు.

డాక్టరమ్మ బరువు చూసి పెదవి విరిచింది. "పది రోజులు చూద్దాం. తిండి నిలవకపోతే పుట్టింటికి పంపించెయ్యండి" అంది.

పుట్టింటికి వెళ్ళడానికి బాధేముంది అంటావా? మొగుడికి ఇక్కడ పని ఇంకో ఏడాది ఉంది. మధ్యలో వదిలి రావడానికి లేదు. చియో ఒక్కతే వెళ్ళాలి. పాప పుట్టి, బోర్లాపడి, పాకే రోజుకి గానీ నాన్న మొహం చూడదు. మొగుడు టికెట్టు తీశాడు. చియో ఏడ్చింది.

పెంచలమ్మకు ఇది నచ్చలేదు. "ఏడుపు తర్వాత. ముందు ఏం తినాలనుందో చెప్పు" అంది.

చియో ఉమెబోషి కావాలంది. అది వాళ్ళ దేశంలో ఒక పుల్లటి పండు. ఉప్పులో ఊరేసి ఎండబెడతారు. ఎర్రగా, ముడతలు పడి, నోట్లో వేసుకుంటే ఒక కన్ను దానంతటదే మూసుకుపోయేంత పుల్లగా ఉంటుంది. జారుగా కాచిన గంజన్నంలో అదొక్కటి పడితే చాలట. మొగుడు చెన్నై దాకా వెళ్ళి, జపాన్ సరుకులమ్మే కొట్లో అడిగాడు. అయిపోయాయి, మళ్ళీ వచ్చే నెలే అన్నారు.

"ఓస్, ఊరగాయా" అంది పెంచలమ్మ. ఊరగాయ విషయంలో ఆ వీధిలో ఆవిడకు ఎదురు లేదు. పెళ్ళివారు కూడా జాడీలు పట్టుకుని వచ్చేవాళ్ళు.

మొదట నిమ్మకాయ ఊరగాయ తీసుకెళ్ళింది. చియో మర్యాదకి ఒక ముక్క తింది. చెవులు ఎర్రబడ్డాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది.

ఆ తర్వాత ఉసిరికాయ తీసుకెళ్ళింది. ఇంగువ తాలింపు ఘుమఘుమలాడుతోంది. ఈసారి చియో తినలేదు. మూత తియ్యగానే పరిగెత్తింది.

"పిల్లకు మన ఊరగాయ గిట్టదే, వదిలెయ్" అంది అత్తగారు.

పెంచలమ్మ వదల్లేదు. మర్నాడు బజారులో వాక్కాయలు కనిపించాయి. తెల్లగా, బుగ్గన ఎర్రగా, గుండ్రంగా ఉన్నాయి. పెంచలమ్మ రెండు కిలోలు తెచ్చి, చీరి, గింజలు తీసి, ఉప్పులో వేసింది. మూడు రోజులకు ఊట దిగింది. కాయలు పిండి, డాబా మీద పాత పంచె పరిచి ఎండబోసింది. ఊట గిన్నె పక్కనే పెట్టింది. మొదటి రోజు ఎండ మండిపోయింది. రెండో రోజు చినుకులు పడితే, పెంచలమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి డాబా మీదికి పరిగెత్తింది. కాయలు తడవలేదు. పాలు పొంగిపోయాయి. మూడో రోజు మళ్ళీ ఎండ కాసింది.

పై వాటాలో మాత్రం పెట్టె సర్దడం అయిపోయింది. విమానం ఎల్లుండి.

ఆ మధ్యాహ్నం పెంచలమ్మ బేసిన్లో కారం, మెంతిపిండి పట్టుకుని డాబా ఎక్కింది. అక్కడ చియో పంచె పక్కన గొంతుక్కూర్చుని ఉంది. గాలి కోసం వచ్చిందట. బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. ఒక కన్ను మూసుకుపోయి ఉంది.

"ఉమ్మెయ్యి చియో, అదింకా కాలేదు. కారం కలపాలి, మెంతిపిండి వెయ్యాలి, తాలింపు పెట్టాలి."

"వద్దక్కా. ఇదే."

"ఇది సగం పనే తల్లీ."

"మాకు పని ఇంతే" అని చియో ఇంకో కాయ నోట్లో వేసుకుంది.

కింది నుంచి అత్తగారు కేకేసింది. "కలిపావటే?"

"లేదత్తా. కారం వద్దంటోంది."

"బాగుంది సంబడం. కారం లేని ఊరగాయ పెడితే, ఇంట్లో మిరపకాయలకు గతి లేదనుకోరూ?"

పెంచలమ్మకూ అలాగే అనిపించింది. కారం వెయ్యకుండా జాడీకెత్తిన రోజు ఆవిడ జన్మలో లేదు. బేసిన్ పట్టుకుని అలాగే నిలబడింది. ఒక నిమిషం చూసింది. చియో నములుతోంది. రెండు నిమిషాలు చూసింది. మింగింది. మూడు నిమిషాలు చూసింది. చియో లేవలేదు, పరిగెత్తలేదు. గింజలు ఎందుకు తీశావక్కా అని తప్పు కూడా పట్టింది.

అప్పుడు పెంచలమ్మ కారం బేసిన్ పక్కన పెట్టేసి, గంజి కాయడానికి కిందికి దిగింది.

ఆ పూట మూడు చెంచాలు నిలిచింది. రాత్రికి సగం గిన్నె నిలిచింది. మర్నాడు పొద్దున చియో ఖాళీ గిన్నె పట్టుకుని తనే మెట్లు దిగి వచ్చింది. డాక్టరమ్మ చూసి, ఇక వెళ్ళక్కర్లేదంది. మొగుడు టికెట్టు రద్దు చేయించి, పెట్టె మంచం కిందికి తోశాడు. పెంచలమ్మ మిగిలిన కాయల్ని ఊటలోనే వేసి, జాడీ నిండా పైకి పంపింది. తను ఒకటి తిని చూసి, "నాకైతే చప్పగానే ఉంది" అంది.

ఆ తర్వాత సంక్రాంతి వెళ్ళిన వారానికి సూళ్ళూరుపేట ఆస్పత్రిలోనే పాప పుట్టింది. నర్సు పాపను తెచ్చి మొట్టమొదట వాళ్ళ నాన్న చేతుల్లోనే పెట్టింది. ఆయన కదిలితే ఒట్టు. మోచేతులు బిగబట్టి, ఊపిరి కూడా ఆచితూచి తీస్తూ గంటసేపు నిలబడే ఉన్నాడు.

"కూర్చో నాయనా" అంది అత్తగారు. "పిల్ల ఎక్కడికీ పోదులే."

పాప ఊయలకి, పాట నోటికి,
కథ కంచికి, కునుకు కంటికి.