ఒక్కడి బరువు

మంత్రిగా ఎవరుండాలన్న తగువులో ఆ రాజ్యం ఎర్ర తలపాగాలు, తెల్ల తలపాగాలుగా చీలిపోయింది. చివరికి జనాన్ని ఏరు దాటించే పోలన్న పడవలో కూడా ఎర్రవాళ్లు ఒక అంచున, తెల్లవాళ్లు మరో అంచున కూర్చునేవాళ్లు. పడవ సమంగానే సాగేది కాబట్టి పోలన్న ఏమీ అనేవాడు కాదు.

ఒకనాడు పేరుమోసిన నాటకాల నటుడు చెన్నకేశవుడు ఎర్ర తలపాగా చుట్టుకుని, ఆ పక్షానికి ప్రచారం చేయడానికి అవతలి ఒడ్డుకు బయల్దేరాడు. పడవెక్కి ఎర్రవాళ్ల అంచున కూర్చున్నాడు.

"అయ్యా, తమరు మధ్యలో కూర్చోండి," అన్నాడు పోలన్న.

"నాకంటూ ఒక పక్షం ఉండకూడదా? నా ఒక్కడి బరువుకే నీ పడవ మునుగుతుందా?"

పడవ ఇంకా మోకాలి లోతు నీళ్లు దాటలేదు. "అయితే ఒక పద్యం పాడండి, విందాం," అన్నాడు పోలన్న.

నటుడు లేచి రాగం తీశాడు. వినగానే తెల్లవాళ్లంతా పంతం మరిచి అతని వైపు జరిగారు. పడవ ఒరిగి, లోపలికొచ్చిన నీళ్లకు నటుడి పాదాలు తడిశాయి.

"తమరి బరువు ఒక్క మనిషిదే అయ్యా," అన్నాడు పోలన్న, పడవను నిలబెడుతూ. "పడవ ఒరిగింది దానికి కాదు."

నటుడు మధ్యకు జరిగి, తలపాగా విప్పి, పడవలోని నీళ్లు దానితో అద్ది బయటికి పిండసాగాడు. కాసేపటికి తెల్ల తలపాగా కూడా ఒకటి వీడింది.